ఏనుగుల హెచ్చరిక పరికరం మీద పీహెచ్‌డీ: ఈసీఈ వాళ్ళకు సోషియాలజీ, జంతుశాస్త్రం ఎంత కావాలి?

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ముందు రెండు ముక్కల్లో చెప్తాను, తర్వాత చదివేవాళ్ళకు కూడా పనికొస్తుంది. మీది పలమనేరు వైపు. ఎం.టెక్ ఈసీఈ అయిపోవచ్చింది. ఏనుగుల బాధ చిన్నప్పటి నుంచి చూస్తున్నారు కాబట్టి ఏనుగు వస్తే ముందే హెచ్చరించే పరికరం మీద పీహెచ్‌డీ చేద్దామనుకుంటున్నారు. గైడ్‌గా ఒప్పుకున్న ప్రొఫెసర్ "ఒట్టి పరికరం చాలదు, ఏనుగు ప్రవర్తన చదవాలి, రైతుల దగ్గర సర్వే కూడా చెయ్యాలి" అన్నారు. స్నేహితులేమో "మూడు డిపార్ట్‌మెంట్ల మధ్య తిరిగితే రెంటికీ చెడ్డ రేవడి కాదు, మూడింటికీ చెడతావు" అని భయపెడుతున్నారు. చెయ్యాలా, మానాలా అని అడిగారు.

చెయ్యండి. కానీ "మూడు సబ్జెక్టుల పీహెచ్‌డీ" అని ఎక్కడా చెప్పుకోకండి. డిగ్రీ ఒకే సబ్జెక్టులో ఇస్తారు. మిగతా రెండూ మీ ప్రశ్నకు కావాలి, మీ సర్టిఫికెట్‌కు అక్కర్లేదు.

నా సంగతి చెప్పాలి కదా. నేను సిగ్నల్ ప్రాసెసింగ్ మనిషిని. పాఠాలు చెప్పుకుంటూనే పదమూడేళ్ళుగా అడవి అంచు ఊళ్ళలో జంతుశాస్త్రం వాళ్ళతో, సోషియాలజీ వాళ్ళతో కలిసి పని చేస్తున్నాను. ఈ దారిలో బాగానే దెబ్బలు తిన్నాను. ఆ దెబ్బల కథలే చెప్తాను. గెలిచిన కథలు పేపర్లలో ఎలాగూ దొరుకుతాయి.

మొదటి దెబ్బ ఏనుగు దగ్గరే తగిలింది. మన చెవికి అందనంత మంద్రంగా ఏనుగులు మాట్లాడుకుంటాయని మీకు తెలిసే ఉంటుంది. అది బయటపడిన తీరు కూడా తెలుసుకోండి. 1984లో కేటీ పేన్ అనే ఆవిడ అమెరికాలోని పోర్ట్‌లాండ్ జూలో ఏనుగుల దగ్గర కూర్చుని ఉండగా గాలి అదురుతున్నట్టు అనిపించింది. శబ్దం ఏమీ వినపడలేదు. చిన్నప్పుడు చర్చిలో పాడేటప్పుడు పక్కనే పెద్ద పైప్ ఆర్గాన్ (గొట్టాల్లో గాలి ఊది మోగించే వాయిద్యం) అడుగు స్వరాలు మోగితే ఒంట్లో పుట్టిన అదురు ఆవిడకు గుర్తొచ్చింది. ఆవిడ చదువుకున్నది సంగీతం, జీవశాస్త్రం రెండూ. అంతకుముందు తిమింగలాల పాటల మీద పని చేశారు. తర్వాత ఏనుగులను టేపు మీద రికార్డు చేసి, వేగం పెంచి వింటే అప్పటిదాకా వినపడని మాటలు బయటపడ్డాయి. 1986లో సహచరులతో కలిసి పేపరు వేశారు: ఆసియా ఏనుగులు 14 నుంచి 24 హెర్ట్జ్ దగ్గర పిలుచుకుంటాయని. జూలో ఆ ఏనుగుల పక్కన అంతకుముందు ఎంతమంది నిలబడి ఉంటారో ఆలోచించండి. ఆ అదురు ఏమిటో పట్టుకోవడానికి ఆర్గాన్ పక్కన నిలబడి పాడిన మనిషి కావాల్సి వచ్చింది.

ఈ కథ చదివి నేను ఎగిరి గంతేశాను. 17 హెర్ట్జ్ పిలుపు తీసుకోండి. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు కాబట్టి ఆ అల పొడవు 20 మీటర్లు. అంత పొడవైన అలకు చెట్టు మాను ఒక అడ్డం కాదు, అందుకే అడవిలో కిలోమీటర్ల దూరం పోతుంది. ఇంజనీరుకు ఇంతకన్నా ఏం కావాలి? మామూలు మైకులకు 20 హెర్ట్జ్ కింద చెవుడు కాబట్టి తక్కువ ఫ్రీక్వెన్సీ అందుకునే మైకులు తెప్పించాం. నాలుగు నెలలు కోడు రాశాం. వాన పడకుండా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, పైన చిన్న సోలార్ ప్యానెల్ బిగించి, చింతచెట్టుకు కట్టాం. ఆ సీజన్‌లో రెండు గుంపులు వచ్చాయి, రెంటినీ పట్టుకుంది. అందరం స్వీట్లు పంచుకున్నాం.

అదే సీజన్‌లో, అదే పొలాల మీద, పదకొండు రాత్రులు ఒక ఒంటరి మగ ఏనుగు వచ్చి రాగి చేలు తిని పోయింది. డబ్బా ఒక్కసారి కూడా కుయ్‌మనలేదు.

డబ్బాలో తప్పు వెతుకుతూ వారం గడిపాం. మైకు మార్చాం, బ్యాటరీ మార్చాం, ఎంత శబ్దానికి మోగాలనే హద్దు (థ్రెషోల్డ్) తగ్గించాం. మాతో ఉన్న జువాలజీ అమ్మాయి అంతా చూసి చూసి చివరికి అడిగింది: "సార్, ఒంటరిగా వచ్చిన మగది ఎవరితో మాట్లాడుతుంది?"

అంతే. ఆ మంద్రమైన పిలుపుల్లో ఎక్కువ భాగం గుంపులో ఆడ ఏనుగులు, పిల్లలు ఒకరి జాడ ఒకరు తెలుసుకోవడానికి వాడుకునేవి. చేలో పడి దొంగతనంగా తినే మగదానికి నోరు విప్పే అవసరమే లేదు. పైగా చేల మీద పడే అలవాటు మగవాటికే ఎక్కువ. బెంగళూరు ఐఐఎస్‌సీకి చెందిన రామన్ సుకుమార్ 1980లలో కర్ణాటక, తమిళనాడు సరిహద్దు కొండల్లో తిరిగి ఇదే తేల్చారు. 1988లో మాధవ్ గాడ్గిల్‌తో కలిసి వేసిన పేపరులో తలకు లెక్క చూస్తే పెద్ద మగ ఏనుగులు గుంపుల్లోని ఆడవాటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువసార్లు పంటల మీద పడతాయని చూపించారు. అడవి గడ్డికన్నా రాగిలాంటి పంటలో పోషణ ఎక్కువ. మగదానికి ఒళ్ళు పెరిగితే జతకట్టే పోటీలో లాభం, అందుకే అది మనిషికి ఎదురుపడే ప్రమాదానికి కూడా సిద్ధపడుతుందని వాళ్ళ వివరణ. అంటే మేము నాలుగు నెలలు కష్టపడి, తక్కువ నష్టం చేసే ఏనుగులను మాత్రమే పట్టుకునే యంత్రం తయారు చేశామన్నమాట. ఆ అమ్మాయిని మొదటి నెలలోనే కూర్చోబెట్టి అడిగి ఉంటే భూమి అదురును పట్టే జియోఫోన్లతోనో ఒంటి వేడిని బట్టి చీకట్లో చూసే థర్మల్ కెమెరాతోనో మొదలుపెట్టేవాళ్ళం. మేము ఆమెను పిలిచింది రికార్డింగులకు లేబుళ్ళు పెట్టడానికి. అది మా తప్పు.

ఈ పొరపాటు మీకు ఎక్కడైనా కనిపిస్తుంది. ఇంజనీర్లు జంతుశాస్త్రం వాళ్ళను "డేటా ఇచ్చేవాళ్ళు"గా, సోషియాలజీ వాళ్ళను "చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫారం నింపించేవాళ్ళు"గా చూస్తారు. అవతలివాళ్ళు మనల్ని "యాప్ చేసిపెట్టేవాళ్ళు"గా చూస్తారు. ఆ లెక్కన బాకీ తీరిపోయిందనుకోండి.

రెండోది లెక్క. ఇది మీరు బాగా అర్థం చేసుకోగలరు, ఎందుకంటే మన సబ్జెక్టే. మీ పరికరం పది సెకన్లకు ఒకసారి "ఏనుగు ఉంది, లేదు" అని తేలుస్తుందనుకుందాం. పన్నెండు గంటల రాత్రిలో 4,320 తీర్పులు. ఏనుగు లేనప్పుడు లేదని 99.9 శాతం సరిగ్గా చెప్తుందనుకోండి. కాన్ఫరెన్స్‌లో చప్పట్లు కొట్టే నంబరు అది. అయినా రాత్రికి సుమారు నాలుగు తప్పుడు అలారాలు, నెలకు 130. ఆ ఊరికి ఏనుగు నెలకు మూడు రాత్రులు వస్తే, మోగిన 133 అలారాల్లో నిజమైనవి మూడు. "నాన్నా పులి" కథలో పిల్లవాడు కూడా ఇన్నిసార్లు అరవలేదు. మా డబ్బాను రెండో సీజన్‌లో ఒక పెద్దాయన గోనెసంచితో చుట్టేశాడు. తప్పు పట్టడానికి ఏముంది? పగలంతా పొలం పని చేసిన మనిషి రాత్రి రెండింటికి ఇసుక ట్రాక్టర్ రొదకు మోగిన అలారం కోసం లేచి కూర్చోవాలా?

ఇక్కడ సబ్జెక్టుకో రకంగా "తప్పు" అనే మాటకు అర్థం మారుతుంది. ఈ దారిలో నేను నేర్చుకున్న అసలు పాఠం ఇదేనని అనుకుంటాను. మనకు తప్పంటే లేనిది ఉందనడం, ఉన్నది లేదనడం. రెండూ నంబర్లే. జంతుశాస్త్రం వాళ్ళను అడిగితే ఇంకో తప్పు చెప్తారు: ఏనుగు నేర్చుకుంటుంది. సోలార్ కంచె వేస్తే దంతం కరెంటును పారనివ్వదని కనిపెట్టి దంతాలతో తీగ తెంపే మగ ఏనుగులున్నాయి, చెట్టును కంచె మీదికి తోసి దాటేవి ఉన్నాయి. మొదటి వారం సైరన్‌కు పారిపోయింది నెల తర్వాత ఆ సైరన్ కిందే నిలబడి తింటుంది. కాబట్టి రెండు వారాల ఫీల్డ్ ట్రయల్ ఫలితం వాళ్ళ కళ్ళకు ఫలితమే కాదు. సోషియాలజీ వాళ్ళను అడిగితే మీ డేటాలో లేని మనిషి గురించి అడుగుతారు. ఎవరి దగ్గర ఫోన్ లేదు? ఎవరి పొలం అడవికి ఆనుకుని ఉన్నా పట్టా లేదు కాబట్టి పంట పోయిందని అర్జీ కూడా పెట్టలేదు? ఈ మూడు రకాల తప్పులూ పట్టుకోగలిగితే చాలు, మీకు ముగ్గురి పాండిత్యం అక్కర్లేదు.

ఫోన్ మాట వచ్చింది కాబట్టి మూడో దెబ్బ చెప్తాను. తప్పుడు అలారాలు తగ్గించాక ఎస్సెమ్మెస్ పంపడం మొదలుపెట్టాం. ఊళ్ళో 60 ఇళ్ళ నంబర్లు తీసుకున్నాం. "డెలివర్డ్" అని 100కి 97 చూపిస్తోంది. నేను ఆ నంబరు పట్టుకుని ప్రాజెక్టు రివ్యూలో ఛాతీ విరుచుకున్నాను కూడా. తర్వాత మాతో చేరిన సోషియాలజీ మిత్రుడు ఊళ్ళో నాలుగు రోజులుండి వచ్చి మెల్లగా చెప్పాడు. ఇంటి పెద్ద నంబరు ఇమ్మంటే ఇంట్లో మగవాళ్ళ నంబర్లు ఇచ్చారు. కుప్పం వైపు సంగతి మీకు నేను చెప్పాలా? వాళ్ళలో చాలామంది తెల్లారి రైలెక్కి బెంగళూరు పనికి పోయేవాళ్ళు, వారాల తరబడి అక్కడే ఉండేవాళ్ళు. ఏనుగు పొలంలో ఉంటే ఎస్సెమ్మెస్ పోయేది బెంగళూరులో కన్‌స్ట్రక్షన్ సైటు దగ్గర పడుకున్న మనిషికి. చేను కాపలా కాస్తున్నది ఇక్కడ భార్య, అత్త. వాళ్ళ చేతిలో బటన్ ఫోన్, అందులో ఇంగ్లీషు మెసేజ్. అయినా కొన్ని ఇళ్ళలో హెచ్చరిక అందేది. భర్త అక్కడ చదివి ఇక్కడికి ఫోన్ చేసేవాడు. మా సిస్టమ్ డయాగ్రంలో లేని ఆ ఫోన్ కాలే అసలు సిస్టమ్. తర్వాత మేము మెసేజ్ మానేసి తెలుగులో వాయిస్ కాల్ పెట్టాం, నంబర్లు "రాత్రి చేలో ఎవరుంటారు?" అని అడిగి మళ్ళీ తీసుకున్నాం. అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. దానికి మాకు ఏడాదిన్నర పట్టింది.

సర్వే గురించి కూడా మీ గైడ్ అన్నారు కదా. మా మొదటి సర్వే గురించి చెప్పడానికి సిగ్గేస్తుంది. "ఏనుగులతో సహజీవనానికి మీరు ఎంతవరకు సుముఖం? ఒకటి నుంచి ఐదు" అని అడిగాం. ఒక అవ్వ మమ్మల్ని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, "స్వామి వచ్చి పోతాడు నాయనా, ఏం అనగలం" అంది. మా కుర్రాడు ఐదు వేశాడు. మజ్జిగ తాగడం పూర్తయ్యేలోపే ఆవిడే, పోయినేడు ఆ "స్వామి" తొక్కిన అరటి తోట తాకట్టు సంగతి చెప్పి ఏడ్చింది. ఇప్పుడు ఎంత వెయ్యాలి? ఐదా, ఒకటా, సగటు తీసి మూడా? మూడు అయితే ఖచ్చితంగా కాదు.

ఇంకో తెలివితక్కువ పని కూడా చేశాం. దారి తెలీక అటవీశాఖ జీపులో వెళ్ళాం. ఆ జీపు దిగిన మనిషితో "కంచెకు దొంగ కరెంటు పెట్టుకున్నాం" అని ఎవరు చెప్తారు? 200 ఇళ్ళు తిరిగితే ఒక్కరూ చెప్పలేదు. నాలుగు రోజులు ఆ ఊళ్ళోనే ఉన్న మా మిత్రుడికి మాత్రం టీ కొట్టు దగ్గర రెండో రోజే తెలిసింది. ఏనుగుల వల్ల జరిగే నష్టంలో లెక్కకు రానిది చాలా ఉంటుంది: నిద్ర లేకపోవడం, రాత్రి కాపలా భయం, ఇంట్లో మనిషి పోతే ఏళ్ళ తరబడి వదలని దిగులు. మాన్ బరువా, సుశ్రుత్ జాధవ్ అస్సాం ఊళ్ళలో దీని మీదే పని చేసి 2012, 2013లో పేపర్లు వేశారు. మానసిక ఆరోగ్యం, కుటుంబం, పేదరికం అన్నీ కలిసిపోయి ఉంటాయని అందులో కనిపిస్తుంది. మీరు కనీసం ఆ రెండు పేపర్లూ చదవండి. "ఎన్ని ఎకరాలు పోయాయి" అన్న ఒక్క గడితో ఫారం తయారు చెయ్యబుద్ధి కాదు.

ఇవన్నీ సరిగ్గా కుదిరిన చోటు ఉందా అంటే ఉంది, తమిళనాడులో ఆనమలై కొండల మీద వాల్పారై. సుమారు 220 చదరపు కిలోమీటర్ల టీ తోటల పీఠభూమి, చుట్టూ అడవి, ఆ తోటల మధ్య నుంచే ఏనుగుల దారి. నేచర్ కన్సర్వేషన్ ఫౌండేషన్ తరఫున ఆనంద కుమార్ బృందం అక్కడ ఏళ్ళ తరబడి ముందు గుంపుల వెంట తిరిగి ఏ గుంపు ఏ నెలలో ఎక్కడుంటుందో రాసుకుంది. తర్వాత మనుషుల చావులను ఒక్కొక్కటిగా పరిశీలించింది. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది ఏనుగు దగ్గర్లో ఉందని తెలియక ఎదురెళ్ళినవాళ్ళే. చీకటిపడే వేళ, రోడ్డు మీద, ఇంటికి నడిచిపోతూ. అంటే అక్కడ సమస్య కంచె లేకపోవడం కన్నా కబురు లేకపోవడం. అప్పుడు గానీ వాళ్ళు టెక్నాలజీ జోలికి పోలేదు. పోయినా ఏం వాడారు? లోకల్ కేబుల్ టీవీలో కింద స్క్రోలింగ్. మొబైల్‌కు మెసేజ్. చదవలేనివాళ్ళకు వాయిస్ కాల్. తోటల్లో ఎత్తైన చోట ఎర్ర లైటు, దాన్ని ఫోన్ చేసి వెలిగించవచ్చు. దగ్గర్లో ఏనుగుంటే ఊళ్ళోవాళ్ళే వెలిగిస్తారు. అక్కడ చావులు తగ్గాయి. ఈ పనికి 2015లో ఆనంద కుమార్‌కు విట్లీ అవార్డు వచ్చింది.

ఈసీఈ కళ్ళతో చూస్తే అందులో కొత్త ఏముంది, మినీ ప్రాజెక్టు కూడా కాదే అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. మా డబ్బాను గోనెసంచిలో చుట్టాక అర్థమైంది. ఎర్ర లైటు వెలిగించేది పక్క లైన్లో, అంటే తోట కూలీల ఇళ్ళ వరుసలో, ఉండే మనిషి. అది తప్పుగా వెలిగితే ఎందుకు వెలిగించావని అడగొచ్చు. డబ్బాను అడగలేం.

అలాగని పెద్ద టెక్నాలజీ పనికిరాదని అనను. రైల్వేల "గజరాజ్" చూడండి. పట్టాల పక్కన అప్పటికే వేసి ఉన్న ఆప్టికల్ ఫైబర్‌లోకి కాంతి పల్స్‌లు పంపుతారు. ఏనుగు నడిస్తే నేల అదిరి ఆ అదురు ఫైబర్‌ను తాకుతుంది. వెనక్కి తిరిగొచ్చే కాంతిలో తేడా వస్తుంది, ఆ తేడాను బట్టి ఎక్కడో తెలుస్తుంది. మొత్తం ఫైబరే మైకు అన్నమాట. ఈశాన్య సరిహద్దు రైల్వేలో మొదలైంది. కోయంబత్తూరు దగ్గర మధుక్కరైలో తమిళనాడు అటవీశాఖ 2024లో టవర్లు, థర్మల్ కెమెరాలతో ఇంకో పద్ధతి పెట్టింది. ఇలాంటివి రైలు మార్గంలో కుదరడానికి ఒక కారణం టెక్నాలజీ, రెండోది చాలామంది గమనించరు: అక్కడ అలారం అందుకునేవాళ్ళు డ్యూటీలో ఉన్నారు. కంట్రోల్ రూమ్ ఉంది, లోకో పైలట్‌కు వేగం తగ్గించమని ఆదేశం ఇచ్చే పద్ధతి ముందే ఉంది. తప్పుడు అలారం వస్తే బండి కాస్త ఆలస్యమవుతుంది, అంతే. మీ ఊళ్ళో అలారం అందుకునేది జీతం లేని, నిద్ర చాలని మనిషి. ఒకే సెన్సర్, రెండు వేరువేరు సమస్యలు. నన్నడిగితే మీ థీసిస్‌లో ఒక అధ్యాయం ఈ తేడా మీదే రాయొచ్చు.

తేనెటీగల గురించి కూడా ఎవరో ఒకరు మీకు చెప్తారు, అందుకే ఒక మాట. 2007లో లూసీ కింగ్ బృందం కెన్యాలో ఆఫ్రికా ఏనుగులకు తేనెటీగల రొద వినిపిస్తే పారిపోతాయని చూపించింది, తర్వాత తేనెపెట్టెల కంచెలు వచ్చాయి. మన దగ్గర ఖాదీ కమిషన్ 2021లో కొడగులో ఇదే పద్ధతి మొదలుపెట్టింది, ఈశాన్య సరిహద్దు రైల్వే వాళ్ళు లెవెల్ క్రాసింగుల దగ్గర రొద వినిపించే యంత్రాలు పెట్టారు. మంచి ఆలోచనే. కానీ ఆఫ్రికా తేనెటీగ కోపిష్టి, మన పెట్టెల్లో పెంచే తేనెటీగ సాధువు. ఏనుగు జాతీ వేరు. అక్కడి ఫలితాన్ని ఇక్కడికి ఉన్నదున్నట్టు ఎత్తుకొచ్చి "ప్రూవ్డ్ మెథడ్" అని రాస్తే జువాలజీ ఎగ్జామినర్ మొదటి పేజీలోనే పెన్ను తీస్తాడు.

పక్క సబ్జెక్టు వాళ్ళు పెన్ను తీసే ఇంకో చోటు చెప్తాను. ఈమధ్య కొన్ని సినాప్సిస్‌లలో "2017లో 29,964 ఉన్న ఏనుగులు 2025 నాటికి 22,446కు పడిపోయాయి" అని మొదటి పేరాలోనే చూస్తున్నాను. రెండు నంబర్లూ నిజమే, వాక్యం తప్పు. మొదటిది ప్రధానంగా కంటితో చూసి లెక్కపెట్టినది. రెండోది లద్దెలోని డీఎన్‌ఏతో ఒక్కో ఏనుగునూ గుర్తుపట్టి, మళ్ళీ మళ్ళీ దొరికిన దాన్నిబట్టి అంచనా వేసింది. పద్ధతి మారింది కాబట్టి ఈ రెండింటినీ పోల్చకూడదు, ఇకముందు పోలికలకు కొత్తదే పునాది. ఇంత తెలుసుకోవడానికి జెనెటిక్స్ చదవక్కర్లేదు. నంబరు ఎలా వచ్చిందో అడిగే అలవాటు చాలు. వీలైతే హైదరాబాద్‌లో లాకోన్స్ (అంతరించిపోతున్న జంతువుల మీద పనిచేసే సీసీఎంబీ ప్రయోగశాల) వాళ్ళ సెమినార్ ఏదైనా ఉంటే వెళ్ళి కూర్చోండి. మన సిగ్నల్ క్లాసిఫికేషన్‌కు, వాళ్ళు లద్దె నుంచి జంతువును గుర్తుపట్టడానికి ఎంత దగ్గరి పోలిక ఉందో చూస్తే ముచ్చటేస్తుంది.

ఇక మీ అసలు టెన్షన్, ఉద్యోగం, డిగ్రీ. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. రిజిస్ట్రేషన్ ఈసీఈలోనే ఉంచండి. థీసిస్ పోయేది ఈసీఈ ఎగ్జామినర్లకు. వాళ్ళు ఒప్పుకునే కొత్త సంగతి ఒకటి గట్టిగా ఉండాలి. మీ విషయంలో అది నా దృష్టిలో సిద్ధంగానే ఉంది: చాలా అరుదుగా జరిగే సంఘటనను, తక్కువ కరెంటుతో, తప్పుడు అలారానికయ్యే ఖర్చును వినేవాళ్ళు నిర్ణయించే పరిస్థితిలో, ఎలా పట్టుకోవాలి? ఇది శుద్ధమైన డిటెక్షన్ థియరీ ప్రశ్న. ఆ ఖర్చు ఎంతో తెలియాలంటే ఊళ్ళోకి పోవాలి, అరుదు అంటే ఎంత అరుదో తెలియాలంటే ఏనుగు వెంట పోవాలి. మీ గైడ్ చెప్పిన మూడూ ఇలా ఒకే ప్రశ్నలోకి వస్తాయి. బలవంతంగా అతికించక్కర్లేదు.

కో-గైడ్‌గా జంతుశాస్త్రం నుంచి ఒకరిని మొదటి ఏడాదిలోనే కాగితం మీద పెట్టించుకోండి. నోటిమాట సాయం డాక్టోరల్ కమిటీ ముందు నిలవదు. సోషియాలజీ వైపు ఎవరూ దొరక్కపోతే తొందరపడి సర్వే చెయ్యకండి. చెడ్డ సర్వే కన్నా అసలు లేకపోవడం నయం. పేపర్ల మీద పేర్ల క్రమం ముందే మాట్లాడుకోండి. మనకు కాన్ఫరెన్స్ పేపరు గొప్ప, జంతుశాస్త్రంలో జర్నలే లెక్క, సోషియాలజీలో ఒక్కరి పేరుతో రాసిన పొడవైన వ్యాసానికి విలువ. ఈ తేడా తెలియక స్నేహితులు మాటలు మానేసిన సందర్భాలు చూశాను.

అనుమతులను తక్కువ అంచనా వెయ్యొద్దు. ఏనుగు 1972 వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ 1 జంతువు, అంటే అన్నిటికన్నా ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలోది. కౌండిన్య అభయారణ్యంలో చెట్టుకు డబ్బా కట్టాలన్నా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి, డ్రోన్‌కైతే ఇంకా పట్టింపులుంటాయి. మనుషులను ప్రశ్నలడగాలంటే మీ సంస్థ ఎథిక్స్ కమిటీ కాగితం కావాలి. అది లేకపోతే తర్వాత మంచి జర్నల్ ఏదీ తీసుకోదు. రెండింటికీ నెలలు పడుతుంది కాబట్టి కోర్స్‌వర్క్‌లో ఉండగానే దరఖాస్తు పెట్టండి. ఇంకోటి, ఏనుగు ఏ వేళ ఎక్కడుందో చూపించే లైవ్ మ్యాప్‌ను ఎప్పుడూ బహిరంగంగా పెట్టకండి. వేటగాళ్ళకూ ఇంటర్నెట్ ఉంది.

మీకు ఉన్న ఒక అదృష్టం మాకు లేదు. మీ ఊరే మీ ఫీల్డ్. చాలాకాలం ఏనుగులు లేని చిత్తూరు జిల్లాకు 1980లలో మళ్ళీ వచ్చాయి, 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. అంటే ఏనుగు లేని ఊరు ఎలా ఉండేదో, మొదటిసారి వచ్చినప్పుడు ఏం చేశారో చెప్పగల పెద్దవాళ్ళు మీ ఇళ్ళలో ఇంకా ఉన్నారు. వాళ్ళ మాటలు ఇప్పుడే రికార్డు చేసుకోండి, థీసిస్‌కు పనికొచ్చినా రాకపోయినా. 2025 మేలో కర్ణాటక నాలుగు కుంకీ ఏనుగులను (అడవి ఏనుగులను తరమడానికి శిక్షణ ఇచ్చినవి) ఇచ్చాక పలమనేరు దగ్గర ముసలిమడుగులో శిబిరం నడుస్తోంది. అనుమతి తీసుకుని అక్కడి మావటీలతో పది రోజులు ఉండండి. ఏనుగు చెవి ఎటు తిప్పితే ఏమిటో వాళ్ళకు తెలిసినంత మన డేటాసెట్లకు తెలీదు.

పరికరం పని ఈ సీజన్‌కు పక్కన పెట్టండి. రాగి కోతకొచ్చే నవంబర్, డిసెంబర్‌లలో మీకు తెలిసినవాళ్ళ మంచె మీద ఓ పది రాత్రులు కాపలా కాయండి. ముందు అటవీశాఖ బీట్ ఆఫీసర్‌కు చెప్పి, ఒంటరిగా కాకుండా. ఒక నోట్‌బుక్ చాలు: ఎప్పుడు కుక్కలు మొరిగాయి, ఎవరు ఎవరికి ఫోన్ చేశారు, ఎవరు టపాకాయ కాల్చారు, ఎవరు లేవలేదు, ఎందుకు లేవలేదు. టార్చి తీసుకెళ్ళండి కానీ మీ అంతట మీరు వెయ్యకండి, మంచె మీదివాళ్ళు వెయ్యమన్నప్పుడే వెయ్యండి. తిరిగొచ్చాక ఆ నోట్‌బుక్‌లో ఏముందో ఇక్కడే రాయండి, అప్పుడు సెన్సర్ గురించి మాట్లాడుకుందాం.